కాన్పు గదిలో కొలత

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నారు. కాన్పు తర్వాత రక్తస్రావం గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "నువ్వు ఇంజనీరువి కదరా?" అన్నారు చివరికి. నిజమే. ముప్పయ్యేళ్లకు పైగా పైపుల్లో పారే ద్రవాలను కొలిచే మీటర్లతోనే నా ఉద్యోగం. నేను డాక్టరును కాను. అందుకే ఇక్కడ చెప్పబోయే సంగతులన్నీ మన బ్యాచ్‌లో డాక్టరయిన స్నేహితురాలికి చదివి వినిపించి, ఆమె దిద్దిన తర్వాతే తెచ్చాను. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి.

మా అక్క మీలో చాలామందికి తెలుసు. నాకంటే మూడేళ్లు పెద్ద. ఈ బడిలోనే పదో తరగతి దాకా చదివింది. వ్యాసరచన పోటీల్లో ప్రతి ఏడూ బహుమతి ఆమెదే. 1991 మే నెలలో పురిటికి మా ఇంటికొచ్చింది. నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం అయిపోయి సెలవులకు వచ్చాను. తెల్లవారుజామున ఐదింటికి ఒక నర్సింగ్ హోమ్‌లో ఆడపిల్ల పుట్టింది. సుఖప్రసవం. బిడ్డను బయటికి తేగానే ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ చేరాం. నేను కొట్టు తలుపు తట్టి చాక్లెట్లు కొనుక్కొచ్చి అందరికీ పంచాను.

గదిలో అక్క దగ్గర ఉన్నది అమ్మ ఒక్కతే. "రక్తం ఎక్కువగా పోతున్నట్టుందమ్మా, గుడ్డలు మార్చలేకపోతున్నాను" అని అమ్మ రెండుసార్లు చెప్పింది. "పురిట్లో ఆ మాత్రం పోతుందమ్మా, కంగారు పడకండి" అన్నది అక్కడున్న నర్సు. ఆరున్నరకు నేను లోపలికెళితే అక్క "కళ్లు తిరుగుతున్నాయిరా, కాసిని మంచినీళ్లివ్వు" అన్నది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆ తర్వాత అంతా పరుగే. నా రక్తం సరిపోలేదు. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్లడ్ బ్యాంకుకు కారు మాట్లాడుకుని వెళ్లాను. రెండు సీసాలు ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి పది దాటింది. అప్పటికే అక్క లేదు.

చాలా ఏళ్లు ఆ నర్సు మీద కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. "ఆ మాత్రం" అంటే ఎంత అని ఆమెను అడగడానికిగానీ, ఆమె చెప్పడానికిగానీ ఆ గదిలో ఆధారం ఏమీ లేదు. అమ్మకు ఎక్కువగా కనిపించింది. నర్సుకు మామూలుగా కనిపించింది. ఇద్దరూ కంటితోనే చూశారు. ఎవరూ కొలవలేదు.

అసలు కాన్పు తర్వాత రక్తం ఎందుకు పోతుందో రెండు మాటల్లో చెబుతాను. నెలలు నిండిన గర్భిణికి గర్భసంచి వైపు నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం పారుతుంది. బిడ్డకు ప్రాణం పోసేది అదే. బిడ్డ పుట్టి మాయ ఊడిపడగానే, అది అతుక్కున్న చోట రక్తనాళాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. అది పిడికిలిలా బిగుసుకుని నాళాలను నొక్కేస్తుంది. నా భాషలో చెప్పాలంటే వాల్వులు వాటంతట అవే కట్టుకుంటాయి. కొందరిలో కండరం బిగుసుకోదు, సడలిపోయి ఉంటుంది. కాన్పు తర్వాత జరిగే అధిక రక్తస్రావాల్లో పదింట ఏడు ఈ కారణంగా వచ్చేవే. మిగతావి చిరుగుల వల్ల, మాయ ముక్క లోపల ఉండిపోవడం వల్ల, రక్తం గడ్డకట్టే గుణం లోపించడం వల్ల వస్తాయి.

ఇంకో చిక్కుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న మనిషి చాలా రక్తం పోయేదాకా మామూలుగానే మాట్లాడుతుంది. బీపీ చూసినా బాగానే ఉంటుంది. శరీరం సర్దుకుంటూ, సర్దుకుంటూ వచ్చి, ఇక చేతకాక ఒక్కసారిగా కూలిపోతుంది. ట్యాంకు ఖాళీ అవుతున్నా గేజి ముల్లు కదలకుండా ఉండి చివర్లో పడిపోయినట్టన్నమాట. అలాంటి గేజిని ఒక్కదాన్నే నమ్ముకుని మేమైతే ఏ ప్లాంటునూ నడపం. ఎంత బయటికి పోతోందో కూడా కొలుస్తాం.

ఈ ఉదయం మన సైన్సు ల్యాబులో చిన్న ప్రయోగం చేశాం. ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్లలో ఎర్ర రంగు కలిపి, పాత చీర గుడ్డల మీద, బెంచీ మీద, కొంత నేల మీద పోశాం. వచ్చిన పదిహేను మందిని ఎంత ఉంటుందో చెప్పమన్నాం. వాళ్లలో ఇంజనీర్లున్నారు, ఇద్దరు పాల వ్యాపారం చేసేవాళ్లున్నారు. ఎక్కువ మంది మూడు వందలు, నాలుగు వందలు అన్నారు. ఒక్కరు మాత్రం లీటరన్నారు. పాలవాళ్లకే అరలీటరు అందలేదంటే, తెల్లవారుజామున మసక దీపం కింద నిలబడ్డ నర్సుకు ఎలా అందుతుంది? కొలజాడీని కంటికి సమంగా పెట్టి మట్టం చూడమని, అంచనాగా రాస్తే రికార్డు పుస్తకం వెనక్కి విసిరేస్తానని మన సైన్సు మాస్టారు అనేవారు గుర్తుందా? ఆయన చెప్పింది మార్కుల కోసమే అనుకున్నాం.

ఈ కంటి అంచనా ఎంత తప్పుతుందో తేల్చిన పని మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. కర్ణాటకలోని బెళగావిలో జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ వైద్యులు, అమెరికా పరిశోధకులు కలిసి ఒక ప్లాస్టిక్ పరుపు గుడ్డను వాడి చూశారు. బిడ్డ పుట్టగానే దాన్ని తల్లి నడుము కింద పరుస్తారు. కింది వైపు గరాటులా సంచి వేలాడుతుంది. సంచి మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. పోయిన రక్తమంతా అందులోకే చేరుతుంది. అంతే, ఇంకేమీ లేదు. బ్యాటరీ లేదు, స్క్రీను లేదు. 2006లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం కంటితో వేసిన అంచనా, ఆ సంచి చూపిన కొలత కన్నా 33 శాతం తక్కువ. మూడింట ఒక వంతు రక్తం లెక్కలోకే రాలేదన్నమాట.

అయితే కొలిచినంత మాత్రాన ప్రాణం నిలుస్తుందా? నిలవదు. మీటరు పెట్టి, రీడింగు చూసి, వాల్వు కట్టకపోతే ఏం లాభం? దీనికి జవాబు 2023లో వచ్చింది. ఇ-మోటివ్ అనే పరిశోధన అది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారి ఆధ్వర్యంలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగింది. రెండు లక్షల పదివేల మందికి పైగా తల్లుల మామూలు కాన్పులు ఇందులో ఉన్నాయి. సగం ఆసుపత్రులు ఎప్పటిలాగే నడిచాయి. మిగతా సగంలో గీతల సంచి పరిచారు. మొదటి గంటలో ప్రతి పావుగంటకూ తల్లిని చూశారు. 300 దగ్గర హెచ్చరిక గీత, 500 దగ్గర ఇక ఆగకూడని గీత. గీత దాటగానే ఐదు పనులు వరసగా, ఒకదాని ఫలితం కోసం ఇంకొకటి ఆపకుండా చేశారు. పొట్ట మీద నుంచి గర్భసంచిని మర్దన చెయ్యడం, అది బిగుసుకునే మందు ఇవ్వడం, రక్తం గడ్డను నిలబెట్టే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇవ్వడం, సెలైను ఎక్కించడం, చిరుగులూ మాయ ముక్కలూ ఉన్నాయేమో పరీక్షించి అవసరమైతే పెద్ద డాక్టరును పిలవడం.

ఈ ఐదింటిలో ఏదీ కొత్తది కాదు. ఎప్పటిలాగే నడిచిన ఆసుపత్రుల్లోనూ ఈ మందులు తెలుసు. కానీ ఆ ఆసుపత్రుల్లో అధిక రక్తస్రావం జరిగిన తల్లుల్లో 51 శాతం మందినే గుర్తించగలిగారు. సంచి ఉన్నచోట 93 శాతం మందిని గుర్తించారు. ఐదు పనులూ కలిపి చెయ్యడం అక్కడ 19 శాతం, ఇక్కడ 91 శాతం. లీటరు దాటి రక్తం పోవడం, రక్తస్రావం ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం, ఆ కారణంగా చనిపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే అక్కడ నూటికి 4.3, ఇక్కడ 1.6. అరవై శాతం తగ్గింది. ఆ సంఖ్య చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1991లో ట్రానెక్సామిక్ వాడుక కాన్పు గదికి రాకపోయినా, మర్దన ఉంది, గర్భసంచి బిగుసుకునే ఇంజెక్షను ఉంది, సెలైను ఉంది. ఐదున్నరకే మొదలుపెట్టి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలలేదు.

ట్రానెక్సామిక్ ఆమ్లం కథ కూడా మన ఆడపిల్లలు వినాలి. దాన్ని కనిపెట్టింది జపాన్ శాస్త్రవేత్త ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షొసుకె ఒకమోటో. 1962లో దాని గురించి ప్రచురించారు. కాన్పు తర్వాత రక్తస్రావానికి దీన్ని పరీక్షించి చూడమని ఆమె తన దేశంలో వైద్యులను కోరినా ఒప్పించలేకపోయింది. ఎట్టకేలకు 21 దేశాల్లో ఇరవై వేల మంది తల్లులతో జరిగిన పరిశోధన 2017లో ఫలితం చెప్పింది. కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో జరిగే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆ మాట వినడానికి ఆమె లేదు. అంతకు ముందు ఏడాదే, తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూసింది. మూడు గంటలు అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఆలస్యమైన కొద్దీ ఆ మందు ప్రయోజనం తగ్గిపోతుంది. ఆలస్యం కాకుండా ఉండాలంటే తొందరగా తెలియాలి. తెలియాలంటే కొలవాలి.

2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య, మంత్రసానుల సమాఖ్య కలిసి కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి. ఇదివరకు 500 మిల్లీలీటర్లు దాటితేనే అధిక రక్తస్రావం అనేవారు. ఇప్పుడు 300 దాటి, నాడి, బీపీ వంటివాటిలో తేడా కనిపించినా వెంటనే వైద్యం మొదలుపెట్టమన్నారు. గీతల సంచి వాడమన్నారు.

అన్ని చిక్కులూ దీనితో తీరిపోతాయని చెబితే అబద్ధమవుతుంది. మూడు సంగతులు చెప్పి తీరాలి.

మొదటిది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52 శాతం మందికి రక్తం తక్కువ. అలాంటి తల్లికి అరలీటరు పోయినా అది పెద్ద దెబ్బే. రక్తహీనత ఉన్నవాళ్లందరికీ కాన్పు కాగానే ముందుజాగ్రత్తగా ట్రానెక్సామిక్ ఇస్తే ఎలా ఉంటుందని పదిహేను వేల మందితో పరీక్షించారు. రక్తస్రావం తగ్గలేదని 2023లో తేలింది. అంటే ఆఖరి నిమిషంలో ఇచ్చే ఇంజెక్షను, ఆర్నెల్లు మింగాల్సిన ఐరన్ మాత్రకు బదులు కాదు. నాలుగో నెల నుంచి రోజుకొకటి, నూట ఎనభై రోజులు మింగాలి. మలం నల్లగా వస్తోందని, వికారంగా ఉందని మన ఇళ్లలో ఆ మాత్రలు ఎన్ని కిటికీలోంచి బయటికి పోతున్నాయో మీకూ తెలుసు.

రెండోది ఎండ. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ మందును రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. మన మే నెలలో, కరెంటు పోయిన గదిలో అది నెమ్మదిగా శక్తి కోల్పోతుంది. సీసా అదే, లేబులు అదే, లోపల మందు బలం మాత్రం తగ్గిపోతుంది. వేడికి తట్టుకునే కార్బెటోసిన్ అనే మందు రక్తస్రావం నివారణలో దాదాపు అంతే బాగా పనిచేస్తుందని పది దేశాల్లో ముప్పై వేల మందితో చేసిన పరిశోధన 2018లో చూపింది. ఆ పది దేశాల్లో మనదీ ఉంది.

మూడోది ఆపరేషన్ కాన్పులు. అదే సర్వేలో దేశమంతటా సిజేరియన్లు 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైనచోట ఆ ఆపరేషన్ ప్రాణదాత. కానీ దానిలో రక్తం ఎక్కువ పోతుంది, మరుసటి కాన్పులో మాయ పాత కుట్టులోకి పాతుకుపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఇ-మోటివ్ చూసింది మామూలు కాన్పులనే. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ అడిగే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. నొచ్చుకోకండి, మా బంధువుల్లోనూ ఉన్నారు.

ఇంత చెప్పాక మంచి మాట కూడా చెప్పాలి. 1997–98లో మన దేశంలో లక్ష సజీవ జననాలకు 398 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి అది 97కు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, 108 బండ్లు, ఆసుపత్రి కాన్పులు, ఇవన్నీ కలిసి సాధించిన పని ఇది. కానీ ఆ 45లో ఒకరు మన అక్క అయితే, ఆ ఇంటికి అది నూటికి నూరే.

ఇక మనం ఏం చెయ్యగలం? స్వర్ణోత్సవ నిధిలో ఎక్కువ భాగం బడి ముందు ఆర్చికి కేటాయించారు. ఆర్చి వద్దనను, కాస్త చిన్నది కట్టుకుందాం. మిగిలిన దానితో మన ఊరి ప్రభుత్వాసుపత్రి కాన్పు గదికి ఈ సంచులు ఇద్దాం. ఇవి ఒక్కసారి వాడి పారేసేవి. ఒక అట్టపెట్టె ఇచ్చి ఫోటో దిగి వచ్చేస్తే మూడు నెలల తర్వాత మళ్లీ కంటి అంచనాయే. కాబట్టి ముందు సూపరింటెండెంటు గారినీ, నర్సులనూ కలుద్దాం. వాళ్లకేం కావాలో, ఏం ఉందో అడుగుదాం. ఆఫ్రికాలో ఫలితం ఇచ్చింది సంచి ఒక్కటే కాదు. నర్సులకు శిక్షణ, మందులన్నీ ఒకేచోట ఉన్న పెట్టె, ప్రతి నెలా లెక్కలు చూసుకోవడం, ఇవన్నీ కలిసి ఇచ్చాయి.

రెండో పని డబ్బుతో కాదు. మన సంఘం రిజిస్టరులో ప్రతి సభ్యుడి పేరు పక్కన రక్తం గ్రూపు, ఫోన్ నంబరు, ఏ ఊళ్లో ఉంటున్నదీ రాద్దాం. 1991లో నేను నలభై కిలోమీటర్లు పోవాల్సొచ్చింది. అప్పుడు ఆ గ్రూపు వాళ్లు ఈ ఊళ్లోనే మన బడి వాళ్లు ఎందరుండి ఉంటారో. ఎవరో తెలియక పోయింది.

మూడో పని ఇంట్లో. మగవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంట్లో కాన్పుందంటే గది అద్దె, సంచి సర్దడం మాత్రమే మన పని కాదు. నెలలు నిండకముందే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. "కాన్పయ్యాక రక్తం ఎలా కొలుస్తారండీ? ఎక్కువ పోతే రక్తం ఎక్కడి నుంచి వస్తుందండీ?" మర్యాదగానే అడగండి. మంచి డాక్టరు నొచ్చుకోరు. బిడ్డ పుట్టాక మొదటి రెండు గంటలు ఒక మనిషి తల్లి దగ్గరే ఉండండి. బిడ్డను చూడటానికి జీవితమంతా ఉంది.

ఆ రోజు పుట్టిన మా మేనకోడలిని అమ్మే పెంచింది. తనూ ఈ బడిలోనే చదివింది. ఇప్పుడు నాలుగో వరసలో కూర్చుని, మామయ్య ఇదంతా చెప్పేస్తున్నాడని తల దించుకుంది. 2023లో తన కాన్పప్పుడు ఆ రెండు ప్రశ్నలూ నేనే అడిగాను. ఆ డాక్టరమ్మ నవ్వి, లోపలికి పిలిచి, మంచానికి వేలాడుతున్న గీతల సంచిని చూపించింది. కాన్పయిన గంట తర్వాత బయటికొచ్చి, "రెండు వందల ఇరవై అండీ" అన్నది.

అమ్మకు ఆ అంకె అర్థం కాలేదు. "అంటే ఎంతరా?" అన్నది. "భయం లేదమ్మా" అన్నాను. అప్పుడుగానీ తను బిడ్డను ఎత్తుకోలేదు.